మామిడిపండ్ల నురుగు మీగడ: ఇంట చేసికొను విధానము

మన సంఘ సభ్యులలో మామిడితోట గలవారు కొందరు, పొలము గట్టున రెండు మూడు చెట్లు గలవారు పలువురు. పాడి పశువులు ఇంచుమించుగ అందఱి యిండ్లలోను గలవు. అయినను చైత్ర వైశాఖములలో మన యిండ్లలో జరుగునదేమి? మేలైన పండ్లన్నియు ఏరి బుట్టలకెత్తి హైదరాబాదు, వరంగల్లు మార్కెట్లకు పంపుదుము. పాలలో మేలైన భాగము పాలకేంద్రమునకు పోవును. ఇంటిలో మిగులునవి గాలికి రాలిన కాయలు, రవాణాకు నిలువని మెత్తని రసములు, పిట్ట కొట్టిన పండ్లు. వీనిలో కొన్ని పిల్లలు తిందురు. కొన్ని పశువులకు వేయుదుము. తక్కినవి పెంటకుప్పకు చేరును. ఏడాది పొడవున చెట్టుకు నీరు పెట్టి, మందు కొట్టి, కాపలా కాచిన కుటుంబమునకు తన పండు తనకు దక్కకపోవుట న్యాయము కాదు.

ఈ వ్యాసమున, అట్లు మిగిలిన పండ్లతోను ఇంటి పాడితోను చేసికొనదగిన యొక మధుర పదార్థమును గూర్చి వివరింపబడును. దీనిని ఫ్రాన్సు దేశస్థులు మూస్ అందురు. ఆ భాషలో ఆ మాటకు నురుగు అని అర్థము. పండ్ల గుజ్జును, గాలి పట్టునట్లు గిలకొట్టిన మీగడతో కలిపి చల్లార్చి గట్టిపఱచినచో, నోట వేసికొనగనే కరగునట్టి తేలికయైన పదార్థమగును. పట్టణములలోని పెద్ద హోటళ్లయందు చిన్న గిన్నెడు దీనికి అధిక మూల్యము గైకొందురు. దానికి కావలసిన పండు, పాలు, రెండును మన యింటివే.

పొరుగున నున్న దృష్టాంతము

ఇది మనకు బొత్తిగా క్రొత్తది యని తలపవలసిన పనిలేదు. కాళేశ్వరమువద్ద ప్రాణహిత గోదావరిలో కలియును. నది కావలి యొడ్డున మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాకు చెందిన సిరోంచా కలదు. అక్కడ తెలుగు మాటలాడువారు అనేకులు. మనకును వారికిని పెండ్లి సంబంధములు, సంత సంబంధములు చిరకాలముగ నున్నవి. మహారాష్ట్రులు పెరుగును గుడ్డలో మూటగట్టి నీరు వార్చి, చక్కెర చేర్చి మెదిపి శ్రీఖండ మను తీపి పదార్థమును చేయుదురు. దానిలో మామిడిగుజ్జు కలిపినచో ఆమ్రఖండ మందురు. ఫ్రెంచివారు మీగడతో చేయుదానికి మన దేశములో మిక్కిలి సమీపమైనది ఈ ఆమ్రఖండమే. అదే గోదావరి దిగువన, కోనసీమలోని ఆత్రేయపురము మామిడితాండ్రకు ప్రసిద్ధి చెందినది. అక్కడివారు గుజ్జును చాపలపై పొరలుపొరలుగ పూసి యెండబెట్టి సంవత్సరమంతయు అమ్ముకొందురు. పండు నిలువదు గాని, పండుయొక్క సారమును నిలుపుట మన నదీతీర ప్రజలకు తెలిసిన విద్యయే.

పాల విషయమునను మన ప్రాంతమునకు మంచి దృష్టాంతము కలదు. ములుకనూరు గ్రామీణ సహకార సంఘము 1956 వ సంవత్సరమున స్థాపింపబడినది. ఆ ప్రాంతపు స్త్రీలు తామే సభ్యులై 2000 వ సంవత్సరమున మహిళా సహకార పాడి సంస్థను నెలకొల్పి, పాలను సేకరించి, శుద్ధిచేసి విక్రయించుచున్నారు. పాలు అమ్ముట యొక్కటే గాక, పాలను పెరుగుగ, నేతిగ మార్చి అమ్మినపుడు ఆ శ్రమఫలము సభ్యులకే దక్కునని వారి యనుభవము తెలుపుచున్నది. పండ్ల విషయమునను ఈ మాట వర్తించును.

ఏ పండ్లు పనికివచ్చును?

మన జిల్లాలలో విరివిగా పండునది బేనిషాను. దీనినే బంగినపల్లి యందురు. దీనికి 2017 వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. పీచు లేని గుజ్జు గలది కావున ఈ వంటకమునకు శ్రేష్ఠము. దసేరి, హిమాయతు, కేసరి రకములు కూడ చక్కగ నుండును. పెద్దరసము, చిన్నరసము మిక్కిలి రుచిగలవే గాని పీచు గలవి. వాని రసమును తప్పక వడియగట్టవలెను. తోతాపురికి పులుపు మెండు, వాసన తక్కువ; దానిని ఒంటిగా గాక రసములతో సగపాలుగ కలిపి వాడుకొనవచ్చును.

గాలివానకు రాలిన కాయల విషయమున వివేకము వహింపవలెను. తొడిమవద్ద భుజములు నిండి, కాయ పుష్టిగ నున్నచో అది పక్వమునకు వచ్చిన కాయ. గడ్డిలో వేసినచో మాగును. భుజములు జారి, టెంకకు పెంకు కట్టని లేతకాయ ఎన్నిదినములు ఉంచినను మాగదు. ముడుతలు పడి చప్పబడును. అట్టివానిని ఆ దినముననే ఒరుగులకో, పచ్చడికో ఉపయోగింపవలెను. దెబ్బ తగిలినచోట నల్లబడిన భాగమును లోతుగ కోసివేసి తక్కిన గుజ్జును వాడవచ్చును. కాని బూజు పట్టినదియు, పులిసిన కల్లువలె వాసన వచ్చునదియు, పురుగు తొలిచినదియు ఎంతమాత్రము పనికిరాదు. తినుటకు తగని పండు వంటకు తగునని తలంచుట పొరపాటు.

మాగబెట్టుటను గూర్చి యొకమాట

కాల్షియం కార్బైడు అను రాతిపొడి పొట్లములను బుట్టలలో నుంచి కాయలను మాగవేయు దురలవాటు వ్యాపారులలో కలదు. కొందరు రైతులును త్వరపడి దీనిని వాడుచున్నారు. ఈ రాయికి తేమ తగిలినపుడు ఎసిటిలీను అను వాయువు వెలువడును. దానితోపాటు, ఆ రాతిలో స్వల్పముగ కలిసియుండు ఆర్సెనికము, భాస్వరముల విషాంశములును వెలువడును. పైతోలు పచ్చబడును గాని లోపలి గుజ్జు తీపెక్కదు. దీనిని పండ్లు మాగించుటకు వాడుట మన దేశమున చట్టముచే నిషేధింపబడినది. ఇథిలీను వాయువును మాత్రము, గాలిలో పదిలక్షల పాళ్లకు నూరు పాళ్లు మించకుండ, తగిన గదులలో ప్రయోగించుటకు అనుమతి కలదు.

ఇంటికొఱకు ఆ యంత్రములతో పనియే లేదు. పక్వమైన కాయలను సొన కారిపోవునట్లు తొడిమ త్రుంచి, బోర్లించి యుంచి, పిమ్మట కడిగి తుడిచి, గాలియాడు గదిలో వరిగడ్డి పఱచి, దానిపై ఒంటి వరుసగ పేర్చి, మరల పలుచగ గడ్డి కప్పవలెను. ఇట్లు చేసినచో సుమారు వారము దినములలో మాగును. ప్రతిదినము చూచి, మాగినవానిని ఏరి, కుళ్లినదానిని తీసివేయవలెను. కుళ్లిన పండొకటి బుట్టలోని పండ్లనన్నిటిని చెఱచును.

మీగడ నురుగు కట్టుటకు కారణము

ఇంటి ఇల్లాలు దినదినము చల్ల చిలికి వెన్న తీయుచునే యున్నది. పండ్ల నురుగు మీగడయు ఆ పనిలోని సగభాగమే. మీగడలో కొవ్వు అతి సూక్ష్మములైన బిందువులుగ నుండును. మీగడను చిలికినపుడు గాలిబుడగలు లోన చొచ్చును. కొవ్వు బిందువులు ఒకదానికొకటి పాక్షికముగ అంటుకొని ఆ బుడగల చుట్టును గోడలవలె నిలుచును. అపుడు మీగడ ఉబ్బి, గరిటె యెత్తినచో మొనలు నిలుచునంత గట్టిపడును. ఆ సమయమున చిలుకుట మానవలెను. మానక యింకను చిలికినచో గోడలు కూలి, బుడగలు చెదరి, కొవ్వంతయు ముద్దయై వెన్న తేలును. వెన్న కొఱకు చిలుకువారు తుదివరకు పోవుదురు. దీనికొఱకు నడిమార్గమున నిలువవలెను.

ఇందుకు రెండు నియమములు కలవు. మొదటిది, మీగడలో వెన్నశాతము నూటికి ముప్పదికి తక్కువ కారాదు. గేదెపాలలో వెన్న నూటికి ఆరు మొదలు ఎనిమిది పాళ్లును, ఆవుపాలలో దాదాపు నాలుగు పాళ్లును ఉండును. కావున పాలు చిలికిన నురుగు నిలువదు. పాలకేంద్రములో యంత్రముచే విడదీసిన పచ్చిమీగడ సరిపోవును. దానిని పాశ్చరీకరణము చేసినదానినే కొనవలెను. కాచిన పాలపై తేలు మీగడతట్టు రుచిగ నుండును గాని, ఉబ్బదు. త్వరగ వెన్నగ మారును. రెండవది, మీగడ మిక్కిలి చల్లగ, అనగా పది డిగ్రీలకు తక్కువ వేడిమిలో నుండవలెను. వేడిమి హెచ్చినచో కొవ్వు కరగి బుడగలు నిలువవు. మన ప్రాంతమున వేసవిలో వేడిమి నలుబది అయిదు డిగ్రీల దరిదాపులకు పోవును గనుక, చల్లని పెట్టె లేనియెడల మీగడ పద్ధతి సాధ్యము కాదు. అట్టివారికి పెరుగు పద్ధతియే తగినది. కావున రెండు విధములును క్రింద వ్రాయబడినవి.

మొదటి విధము: కట్టు పెరుగుతో

కావలసినవి: చిక్కని గేదెపాలు 1 లీటరు, తోడు పెరుగు 1 చెంచా, మామిడిగుజ్జు 250 గ్రాములు, చక్కెర 75 గ్రాములు, ఏలకుల పొడి చిటికెడు, ఉప్పు పలుకంత.

పాలను బాగుగ కాచి, గోరువెచ్చగ చల్లార్చి, రాత్రి తోడు వేయవలెను. తెల్లవారుజామున పెరుగు పులియకముందే, శుభ్రముగ ఉతికి వేడినీట మరగించి పిండిన పలుచని నూలుగుడ్డలో దానిని పోసి మూటగట్టి వ్రేలాడగట్టవలెను. నాలుగైదు గంటలలో నీరు కారిపోయి సుమారు నాలుగువందల గ్రాముల కట్టు పెరుగు మిగులును. ఎండ పెరిగిన పిదప వ్రేలాడగట్టినచో పెరుగు పులిసిపోవును. కావున వేకువనే ఈ పని మొదలిడి, మూటను చల్లని చోట, వీలైనచో తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నుంచవలెను. కారిన నీటిని పారబోయక పప్పులోనో, రొట్టెపిండి కలుపుటకో వాడుకొనవలెను. అందును పోషకపదార్థములు కలవు.

మామిడిపండ్లను కడిగి, తోలుతీసి, గుజ్జును జల్లెడపై రుద్ది వడియగట్టవలెను. ఆరువందల గ్రాముల పండ్లకు ఇంచుమించుగ మూడువందల గ్రాముల గుజ్జు వచ్చును. కట్టు పెరుగులో చక్కెర చేర్చి, జల్లెడగుండ మరియొకసారి త్రోసి పలుకులు లేకుండ చేయవలెను. పిమ్మట చిన్న కవ్వముతో అయిదు నిమిషములు గిలకొట్టినచో తెల్లబడి తేలికయగును. అప్పుడు గుజ్జును, ఏలకుల పొడిని, ఉప్పును చేర్చి, గరిటెను క్రిందినుండి పైకి త్రిప్పుచు మెల్లగ కలుపవలెను. మట్టిమూకుళ్లలో పోసి, చల్లని కుండలో గంటసేపు ఉంచి వడ్డింపవలెను. ఇది ఆఱేడుగురకు చాలును. మీగడతో చేసినదానంత తేలికగ నుండదు. అయినను మంచుతోను, యంత్రముతోను పని లేక, పెరుగు తోడిడ తెలిసిన ప్రతి ఇల్లాలికిని సాధ్యమగును.

గుజ్జు మిక్కిలి తీయగ నున్నచో చక్కెర తగ్గింపవచ్చును. పండును చూచి తీపి నిర్ణయింపవలెను గాని, వ్రాతను చూచి కాదు. చక్కెరవ్యాధి గలవారు ఈ పదార్థమును వైద్యుని సలహా ననుసరించియే తినవలెను. పండులోనే చక్కెర అధికము.

రెండవ విధము: మీగడతో

కావలసినవి: పాశ్చరీకరించిన పచ్చిమీగడ 200 మిల్లీలీటర్లు, వడియగట్టిన మామిడిగుజ్జు 300 గ్రాములు, చక్కెర 60 గ్రాములు, చైనాగడ్డి పొడి 2 గ్రాములు, నీరు 100 మిల్లీలీటర్లు, నిమ్మరసము 1 చెంచా.

చైనాగడ్డి యనునది సముద్రపు నాచునుండి తీసిన పదార్థము; దీనినే అగరు అగరు అందురు. కిరాణా దుకాణములలో పోగులుగను, పొడిగను లభించును. పాశ్చాత్యులు దీనికి మారుగ జెలటీను వాడుదురు. జెలటీను పశువుల ఎముకలనుండియు తోళ్లనుండియు తీయబడును గావున శాకాహారులు దానిని ముట్టరు. అంతేగాక అది మన వేసవి వేడిమికి కరగి నీరగును. చైనాగడ్డియో, ఒకసారి గట్టిపడిన పిమ్మట ఎనుబది డిగ్రీలు దాటినగాని కరగదు. అందుచే మన యెండలకు ఇదియే తగినది.

మీగడను, దానిని చిలుకు గిన్నెను, కవ్వమును ముందుగ చల్లని పెట్టెలో నాలుగు గంటలు ఉంచవలెను. గిన్నె ఇత్తడిది కారాదు, స్టీలుదైన మేలు. చైనాగడ్డి పొడిని నూరు మిల్లీలీటర్ల చన్నీటిలో పది నిమిషములు నానబెట్టి, పొయ్యిమీద పెట్టి కలియబెట్టుచు, తెర్లిన పిదప రెండు నిమిషములు ఉడికింపవలెను. పొడి పలుకులు కనబడనంతవరకు కరగవలెను. దీనిని నీటిలోనే ఉడికింపవలెను గాని పండ్లరసములో ఉడికింపరాదు. పులుపులో చాలసేపు ఉడికినచో దాని గట్టిపడు శక్తి తగ్గును.

గుజ్జులో చక్కెరను, నిమ్మరసమును కలిపి గోరువెచ్చగ చేసి, వేడి చైనాగడ్డి ద్రావకమును సన్నని ధారగ పోయుచు త్వరత్వరగ కలుపవలెను. చన్నని గుజ్జులో పోసినచో ఆ ద్రావకము తక్షణమే పేరి దారములవలె తేలును, వంటకము చెడును. క్రొత్తగ చేయువారు ఎక్కువగ తప్పునది ఇక్కడనే. కలిపిన గుజ్జు చేతికి వెచ్చదనము తెలియనంత చల్లబడగనే, గట్టిపడకముందే, మీగడ పని చూడవలెను.

చల్లని గిన్నెలో చల్లని మీగడను పోసి, తొలుత మెల్లగను పిమ్మట వడిగను చిలుకవలెను. కవ్వపు జాడలు మీగడపై నిలిచి, మెత్తని మొనలు ఏర్పడగనే ఆపవలెను. ఈ నురుగులో మూడవవంతును గుజ్జులో వేసి బాగుగ కలిపి పలుచన చేయవలెను. తక్కినదానిని రెండు విడతలుగ చేర్చి, గరిటెను గిన్నె యంచువెంట క్రిందికి దించి పైకి ఎత్తుచు, నెమ్మదిగ కలుపవలెను. గిఱ్ఱున త్రిప్పినచో బుడగలు చితికి నురుగు అణగును. ఆరు గిన్నెలలో పోసి మూతపెట్టి, చల్లని పెట్టెలో మూడు గంటలు ఉంచినచో కుదురుకొనును. పైన పండు ముక్కలుంచి వడ్డింపవలెను.

పాశ్చాత్యులు కొందరు దీనిలో పచ్చి కోడిగ్రుడ్ల తెల్లసొనను చిలికి చేర్చుదురు. పచ్చిగ్రుడ్లయందు సాల్మొనెల్లా అను రోగక్రిములు ఉండవచ్చును. వంటకము ఉడికింపబడదు గావున అవి చావవు. మన యెండలలో అది ప్రమాదకరము. పైని విధానములో గ్రుడ్లతో నిమిత్తము లేదు.

సీతాఫలముతో చేయునపుడు

మన గుట్టలయందు దసరా దినములలో సీతాఫలములు విస్తారముగ కాచును. బాలానగరు రకము ప్రసిద్ధమైనది. ఈ పండు చెట్టునుండి దింపిన రెండు మూడు దినములలోనే మెత్తబడి చెడును గావున మార్కెట్టున రైతు బేరము నిలువదు, బుట్టలు మునిగిపోవును. దీనితోను నురుగు మీగడ చేసికొనవచ్చును. అయితే మూడు జాగ్రత్తలు అవశ్యకములు.

ఒకటి, సీతాఫలపు గుజ్జును పొయ్యిమీద పెట్టరాదు. వేడి తగిలినచో చేదెక్కును. రెండు, గింజలతోకూడ మిక్సీలో వేయరాదు. ఆ గింజలలో విషపదార్థము కలదు. పూర్వము పేలమందుకు ఆ గింజల పొడిని వాడినవారు కొందరు అది కన్నులలో పడి బాధపడిరి. గుజ్జును చేతితో జల్లెడపై రుద్ది గింజలను విడదీయవలెను. మూడు, గుజ్జు గాలికి గోధుమవర్ణము పొందును గావున తీసిన వెంటనే కొన్ని చుక్కల నిమ్మరసము చేర్చి చల్లని మీగడలో కలుపవలెను. చైనాగడ్డి వాడదలచినవారు దానిని కొద్ది పాలలో ఉడికించి, గోరువెచ్చగ చల్లారిన పిమ్మటనే గుజ్జులో కలుపవలెను. అప్పుడు గుజ్జు మరీ చల్లగ నుండరాదు.

జామ, రేగు, అరటి మొదలగు పండ్లతోను ఇదే క్రమమున చేయవచ్చును. జామగుజ్జును గింజలు పోవునట్లు వడియగట్టవలెను. అరటిపండు నల్లబడును గనుక నిమ్మరసము తప్పనిసరి. అనాసపండు, దోరబొప్పాయి మాత్రము పచ్చిగ పాలతో చేరినచో చేదెక్కును. వానిలోని రసాయనిక పదార్థములు పాలలోని మాంసకృత్తులను విరుచును. అనాసముక్కలను చక్కెరతో కొన్ని నిమిషములు ఉడికించి చల్లార్చిన పిదప కలిపినచో ఆ దోషము పోవును.

నిలువ యుంచు నియమములు

పాలు, పెరుగు, పండు, చక్కెర కలిసినచో మనకెంత హితవో సూక్ష్మక్రిములకును అంత హితవు. గిన్నెలను, గుడ్డను, జల్లెడను వేడినీట కడిగి ఆరబెట్టవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. బావినీటినైన, కుళాయి నీటినైన కాచి చల్లార్చి వాడవలెను. చేసినదానిని బయట రెండు గంటలకు మించి ఉంచరాదు. వేసవి యెండలలో గంటకు మించరాదు. చల్లని పెట్టెలో మూతపెట్టి రెండవ దినము వరకు ఉంచవచ్చును. పుల్లని వాసన వచ్చినను, నీరు విడిచి రంగు మారినను పారవేయవలెను. పిల్లలకు, గర్భిణీ స్త్రీలకు, వృద్ధులకు పెట్టునపుడు ఈ విషయమున ఉపేక్ష కూడదు. పెండ్లిండ్లకు, జాతరలకు పెద్ద మొత్తములో చేయదలచినవారు మంచుపెట్టెలు లేకుండ ఈ పనికి పూనుకొనరాదు. 2025 వ సంవత్సరము మే 15 మొదలు 26 వరకు కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు జరిగినవి. సరిగ్గ మామిడిపండ్ల కాలమే. అట్టి జనసమ్మర్దమున పాలపదార్థము చెడినచో కీడు వందలమందికి చెందును. అట్టి చోట్ల తాజాపండును కోసి అమ్ముటయే క్షేమకరము.

పరిమితమైన లాభము, నిశ్చయమైన లాభము

ఈ విధానమువలన మామిడిధర పెరుగునని చెప్పుట అసత్యమగును. పండిన పంటకు ధర రావలెనన్న రైతులు సంఘముగ కూడి, కాయలను పరిమాణముల ననుసరించి వేరుచేసి, కలసి రవాణా చేసి, తూకము తామే చూచికొని అమ్మవలెను. ఒక కుటుంబము తినగలిగినంత మీగడవలన తోటలోని పండ్లన్నియు వ్యయము కావు. లెక్క చూడుడు. పది కిలోల పండ్లకు అయిదు కిలోల గుజ్జు వచ్చిన, ఒక వాయికి మూడువందల గ్రాముల చొప్పున పదునారు వాయిలకు సరిపోవును; అనగా తొంబదియారు గిన్నెలు. అంత ఎవరు తిందురు? కావున ఎక్కువ గుజ్జు మిగిలినపుడు తాండ్రగ పోసి యెండబెట్టుటయే మంచిది. తాండ్రకు చల్లని పెట్టెతో పనిలేదు. ఎండయే దానికి పెట్టుబడి. వర్షము పడకముందే పోసి, పొడిడబ్బాలలో దాచినచో సీతాఫలముల కాలము వరకును పిల్లలకు దక్కును.

మఱి నురుగు మీగడవలన లాభమేమి? ఇంటిలోనివారు తమ తోటపండ్లు తాము తినుట మొదటి లాభము. మాగిన మామిడిలో కెరొటీను అను పదార్థము మెండు. దానినుండి మన శరీరము ఎ విటమిను తయారుచేసికొనును. కంటిచూపునకును, పిల్లల పెరుగుదలకును ఇది అవసరము. పాలలోని కొవ్వుతో కలిసినపుడు కెరొటీను దేహమునకు మేలుగ పట్టును. పాలు త్రాగుటకు మొగమోటపడు పిల్లలు ఈ రూపమున సంతోషముతో తిందురు. రెండవ లాభము, అమ్మకమునకు పనికిరాని పండునకు ఇంటిలో విలువ కలుగుట. మూడవది, స్త్రీలు ఈ పనిలో నేర్పరులైనచో పదిమంది కూడి, తాండ్ర, గుజ్జు, ఒరుగులు మొదలైన నిలువ పదార్థములను తయారుచేసి అమ్ముటకు దారియగును. అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేసికొని, తయారైన తేదీని, అందలి పదార్థములను పొట్లముపై వ్రాయవలెను. ఇంట చేయుదానికి ఈ నిర్బంధములు లేవు. శుచి యొక్కటే నిర్బంధము.

వచ్చు చైత్రమున తొలి గాలివాన వెలసిన మఱునాడు చెట్లక్రింద రాలిన కాయలను మూడు కుప్పలుగ చేయుడు: లేతవి ఒరుగులకు, పుష్టియైనవి గడ్డిలోనికి, దెబ్బతగిలినవి మాగగనే ఇంటివాడుకకు. ఆ వారము సంఘపు పాలకేంద్రమునకు పోయు పాలలో ఒక లీటరు ఇంట నుంచుకొనుడు. కట్టు పెరుగు విధము నొకసారి చేసి చూచినవారికి రెండవసారి ఈ కాగితముతో పనియుండదు. ఇంకొక మాట: చేయు శ్రమ ఇల్లాలిది యొక్కతెదియే కారాదు. పండ్లు ఏరుట, తోలు తీయుట, గుజ్జు రుద్దుట, కవ్వము త్రిప్పుట పురుషులును బిడ్డలును చేయదగిన పనులే. తోటలో కలసి శ్రమించినవారు ఇంటను కలసి శ్రమించి, కలసి తినుట సహకారమునకు మొదటి పాఠము.